బీమా ఏజెంట్ల కోసం చేసిన రికార్డు

1956లో అమెరికాలోని షికాగోలో ఒక జీవిత బీమా ఏజెన్సీ యజమాని కొన్నాళ్లు సెలవు మీద వెళ్లాల్సి వచ్చింది. తన ఏజెంట్లను కూర్చోబెట్టి, ఉత్సాహం కలిగేలా నాలుగు మాటలు చెప్పి పనిమీదికి పంపడం ఆయనకు అలవాటు. తాను లేని రోజుల్లో వాళ్లు నీరసపడకుండా ఉండటానికి సుమారు అరగంట ప్రసంగాన్ని తన గొంతుతోనే రికార్డు చేయించి, దాన్ని వాళ్లకు వినిపించమని చెప్పి వెళ్లారు. ఆయన పేరు ఎర్ల్ నైటింగేల్, ఆ రికార్డు పేరు 'ది స్ట్రేంజెస్ట్ సీక్రెట్'. విన్న ఏజెంట్లు ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు వినిపించడానికి కాపీలు అడగడంతో మొదలై, కొలంబియా రికార్డ్స్ సంస్థ ద్వారా అది బజారులోకి వచ్చి, పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, పాట అన్నది లేకుండా ఒట్టి మాటలతోనే గోల్డ్ రికార్డు గౌరవం పొందింది. ఇవాళ మన ఫోన్లలో ఉదయాన్నే మోగే ప్రేరణ ప్రసంగాలన్నిటికీ వంశమూలం వెతుకుతూ పోతే, చివరికి తేలేది ఈ బీమా ఆఫీసులోనే.

అదే ఏడాది సెప్టెంబరు 1న మన దేశంలో 245 ప్రైవేటు బీమా కంపెనీలనూ ప్రావిడెంట్ సొసైటీలనూ కలిపి ఎల్‌ఐసీని ఏర్పాటు చేశారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, కేవలం కాకతాళీయం. అయినా నాకు ఈ రెండూ కలిసే గుర్తుకొస్తాయి, ఎందుకంటే ప్రేరణ ప్రసంగం అనేదాన్ని నేను మొదటిసారి విన్నది ఒక ఎల్‌ఐసీ ఏజెంటు ఇంట్లో. తెనాలిలో ఉండే మా పెదనాన్నకు 1990లలో వాళ్ల డెవలప్‌మెంట్ ఆఫీసరు ఇచ్చిన క్యాసెట్టు ఒకటి ఉండేది. అప్పటికే యండమూరి వీరేంద్రనాథ్, బి.వి. పట్టాభిరాం వంటివారి రచనల వల్ల, ఉపన్యాసాల వల్ల వ్యక్తిత్వ వికాసం అన్న మాట తెలుగు ఇళ్లలోకి వచ్చేసింది గానీ, పెదనాన్న క్యాసెట్టు మాత్రం వక్త పేరు కూడా రాసిలేని కాపీ. ఏదో ఏజెంట్ల సభలో రికార్డు చేసినది. మాటల వెనక ఫ్యాను చప్పుడూ, మధ్యమధ్య చప్పట్లూ వినిపించేవి. ఆయన రోజూ గడ్డం గీసుకుంటూ దాన్ని పెట్టుకునేవారు. మా పెద్దమ్మకు ఆ ప్రసంగం ఎంతగా కంఠతా వచ్చిందంటే, వక్త 'మిత్రులారా' అని గుక్క తిప్పుకునేలోపు తర్వాతి వాక్యం వంటింట్లోంచి వచ్చేసేది.

పెదనాన్న వృత్తిని ఆ క్యాసెట్టు మలిచిందా అని అడిగితే, మలిచిందనే చెబుతాను. చదువుకున్నవాళ్లలో ఇలాంటి ప్రసంగాలను చులకన చేయడం ఒక మర్యాదగా చలామణీ అవుతోంది. నాకు ఆ చులకన లేదు. అలాగని వాటిని విని బాగుపడ్డామని చెప్పేవాళ్ల సాక్ష్యాన్ని అందరికీ వర్తింపజేయడమూ నాకు ఒప్పుదల కాదు. నేను చెప్పదలచుకున్నది ఇది: ఈ రికార్డింగులు అమ్మకం పనిలో పుట్టాయి, ఆ పనికి అవి నిజంగా పనికొస్తాయి. అక్కడి నుంచి వాటిని ఎత్తుకొచ్చి అన్ని రకాల పనులకూ, పరీక్షలకూ, బతుకులకూ ఒకే సత్యంగా చెప్పడంతోనే చిక్కు వచ్చింది.

నైటింగేల్ జీవితం చూస్తే ఆ గొంతుకు అంత నమ్మకం ఎక్కడిదో తెలుస్తుంది. 1921లో లాస్ ఏంజెలస్‌లో పుట్టిన ఆయన, ఆర్థిక మాంద్యం రోజుల్లో తండ్రి విడిచి వెళ్లిపోతే, తల్లితో, అన్నదమ్ములతో లాంగ్ బీచ్‌లో గుడారాల మధ్య పెరిగారు. మెరైన్ సైనికుడిగా చేరి, 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌లో మునిగిన 'అరిజోనా' నౌక మీద ఉండి బతికి బయటపడ్డారు. ఆ నౌకలో 1,177 మంది చనిపోయారు. యుద్ధం తర్వాత రేడియోలో చేరి, షికాగోలోని డబ్ల్యూజీఎన్ కేంద్రంలో పేరు తెచ్చుకున్నారు. అంటే బీమా వ్యాపారంలోకి రాకముందే ఆయనకు మైకు ముందు మనిషిని కూర్చోబెట్టగలిగే విద్య అబ్బింది. మనం ఆలోచన గురించి మాట్లాడుకుంటాం గానీ, ఆ రికార్డు విజయంలో సగం వాటా ఆ కంఠానిది, అరుపు గానీ తొందర గానీ లేని ఆ నింపాది పలుకుది.

ఇక రికార్డులో ఏముంది? ఎత్తుగడలోనే ఒక లెక్క చెబుతారు. పాతికేళ్ల వయసున్న వందమంది మగవాళ్లను తీసుకుంటే, వాళ్లకు అరవై ఐదేళ్లు వచ్చేనాటికి ఒకడు ధనికుడవుతాడు, నలుగురికి ఎవరి మీదా ఆధారపడనక్కర్లేని స్థితి ఉంటుంది, అయిదుగురు ఇంకా పనిచేస్తూ ఉంటారు, యాభై నలుగురి దగ్గర చిల్లిగవ్వ ఉండదు. బీమా ఏజెంటు ఇంటికి రాగా చూసినవాళ్లెవరైనా ఈ లెక్కను పోల్చుకోగలరు. ముసలితనంలో మీ పరిస్థితి ఏమిటన్న ప్రశ్నతో పాలసీ పుస్తకం తెరవడం ఆ వృత్తిలో పాత పద్ధతి. ఆ తర్వాత అసలు రహస్యం వస్తుంది: మనిషి దేన్ని గురించి ఎప్పుడూ ఆలోచిస్తాడో అదే అవుతాడు. చివరికి ముప్పై రోజుల పరీక్ష. కావలసినదాన్ని ఒక కార్డు మీద రాసుకుని, రోజుకు పలుమార్లు చూసుకుంటూ, ముప్పై రోజులు భయాన్ని దగ్గరకు రానివ్వకుండా పనిచేయాలి. మధ్యలో తడబడితే మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి. సంపాదనలో కనీసం పదోవంతు దాచాలన్న సలహా కూడా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా ఉటంకించరు. న్యాయంగా చెప్పాలంటే, ఆయన విజయాన్ని డబ్బుతో కొలవలేదు. తాను కోరుకుని బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయురాలిని కూడా విజయం సాధించినవారిలోనే చేర్చారు. తర్వాత వచ్చిన శిష్యుల్లో చాలామందికి ఈ పెద్దమనసు లేదు.

మనసును పొలంతో పోలుస్తూ, ఏ విత్తనం వేస్తే ఆ పంట ఇవ్వడం తప్ప నేలకు మరో పని తెలియదని ఆ రికార్డులో ఒకచోట అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు అనంతపురం వేరుశనగ రైతు మనసులో మెదులుతాడు. దేశంలో అతి తక్కువ వర్షపాతం ఉండే జిల్లాల్లో ఒకటైన ఆ జిల్లాలో, విత్తనం మంచిదై, దుక్కి బాగుండి, రైతు ఆలోచన సవ్యంగా ఉన్నా, ఊడ దిగే సమయానికి వాన లేకపోతే కాయ పట్టదు. ఆ పోలికలో వాన లేదు. నీటి పారుదల ఉన్నచోట కూర్చుని చెప్పిన పోలిక అది.

అయితే బీమా అమ్మేవాడికి వాన అక్కర్లేదా అని అడగవచ్చు. కావాలి, కానీ అతనికి గుమ్మాలకు కరువు లేదు. ఇది చిన్న తేడా కాదు. ఒక ఇంట్లో కాదంటే పక్కింటికి వెళ్లవచ్చు. ఆ వీధి కాదంటే మరో వీధి ఉంది. ఎన్ని గుమ్మాలు ఎక్కితే అన్ని అవకాశాలు, కనుక ఎక్కే ఓపికను నిలబెట్టేది ఏదైనా నేరుగా ఆదాయంగా మారుతుంది. ఈ సంగతిని మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ 1980లలో అమెరికాలోని మెట్రోపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీలోనే పరీక్షించి చూశారు. ఆ కంపెనీ ఏటా అయిదు వేలమంది ఏజెంట్లను తీసుకునేది; వాళ్లలో సగం మంది మొదటి ఏడాదిలోనే మానేసేవారు. ఎదురుదెబ్బను మనిషి తనకు తాను ఎలా వివరించుకుంటాడన్నది సెలిగ్‌మన్ కొలిచిన గుణం: 'ఈయన ఇవాళ వద్దన్నాడు' అనుకుంటాడా, 'నాకు ఈ పని చేతకాదు' అనుకుంటాడా? కంపెనీ వారి మామూలు పరీక్షలో తప్పినా, ఈ ఆశావాద పరీక్షలో బాగా వచ్చినవాళ్లను ప్రత్యేకంగా ఉద్యోగంలోకి తీసుకుని చూస్తే, మామూలు పరీక్ష నెగ్గి వచ్చిన నిరాశావాదుల కంటే వాళ్లు మొదటి ఏడాది 21 శాతం, రెండో ఏడాది 57 శాతం ఎక్కువ అమ్మారు. నైటింగేల్ తన మనుషుల్లో నింపాలనుకున్నది సరిగ్గా ఇదే గుణం. ప్రసంగం వింటే ఆ గుణం వస్తుందని ఈ ప్రయోగం నిరూపించలేదు, ఆ గుణం ఉంటే ఆ వృత్తిలో పనికొస్తుందని మాత్రం చూపింది. ఆ మాత్రం చాలు, పెదనాన్న గడ్డం గీసుకుంటూ ఏం చేస్తున్నారో అర్థం కావడానికి. నిన్న ఎక్కిన గుమ్మాల దగ్గర పడిన మాటలను ఆయన అరగంటలో దులిపేసుకుంటున్నారు.

ఈ పనిలో రికార్డింగుకు ఉన్న బలం పుస్తకానికి గానీ సభకు గానీ లేదు. పుస్తకం చదవడానికి మనసు కుదురుగా ఉండాలి, అది కుదురుగా లేని రోజునే కదా దాని అవసరం. సభలో వక్త ఉత్సాహం రెండు రోజులు నిలుస్తుంది. రికార్డింగులోని గొంతు మాత్రం ఏ రోజూ అలసిపోదు, దానికి నిన్నటి సంగతి తెలియదు, మార్చి నెలాఖరు టార్గెట్ గురించి అడగదు. వినేవాడి రోజులు మారుతుంటాయి, అది మారదు. పదేపదే విన్న మాట కొన్నాళ్లకు సలహాలా కాక సొంత ఆలోచనలా వినిపించడం మొదలవుతుంది. జపానికీ, పారాయణకూ అలవాటు పడిన మనకు ఇది కొత్తగా చెప్పవలసిన విషయం కాదు.

నేను కూడా డిగ్రీ అయ్యాక కొన్నేళ్లు గుంటూరు జిల్లాలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను, ఆ రోజుల్లో ఇలాంటి ప్రసంగాలు విన్నాను. డాక్టరుగారి గది బయట రోగుల మధ్య గంటలకొద్దీ నిలబడి, చివరికి లోపలికి వెళ్లాక ఒకటిన్నర నిమిషంలో మూడు మందుల పేర్లు చెప్పి, శాంపిళ్లు బల్ల మీద పెట్టి బయటికి రావడం మా పని. కొన్నిసార్లు ఆయన తల కూడా ఎత్తరు. అలాంటి అయిదో కాల్ తర్వాత ఆరో కాల్‌కి అదే నవ్వు ముఖంతో వెళ్లడానికి చెవిలోని ఆ గొంతు నాకు సాయపడింది. అందులో చెప్పినవి లోతైన విషయాలని నేను అప్పుడూ అనుకోలేదు. ఆ పనికి లోతు అక్కర్లేదు, ఆరో కాల్ కావాలి.

తర్వాత నేను హైదరాబాదులో ఒక మందుల కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ విభాగానికి మారాను. అక్కడ ఆ ప్రసంగాల సారం తలకిందులైంది. మాత్రలో ఉండవలసిన మందు 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలని స్పెసిఫికేషన్ ఉందనుకోండి, మందు పాళ్లు కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం 88 చూపించింది. దీన్ని ఓఓఎస్ అంటారు, అంటే స్పెసిఫికేషన్ హద్దు దాటిన ఫలితం. ఇప్పుడు కెమిస్టు చేయవలసింది కారణం వెతకడం: తూకంలో పొరపాటా, ద్రావణం తయారీలోనా, యంత్రంలోనా, లేక మందే తక్కువగా ఉందా? కారణం చూపకుండా 'మళ్లీ ప్రయత్నిద్దాం' అని, అనుకూలమైన అంకె వచ్చేదాకా పరీక్ష చేస్తూ పోవడం ఈ వృత్తిలో అన్నిటికంటే పెద్ద తప్పు. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చాక, పాసయ్యేదాకా పరీక్షించడం కుదరదన్న నియమం ప్రపంచమంతటా మందుల ల్యాబులకు పాఠంగా మారింది. అమెరికాకు మందులు పంపే మన హైదరాబాదు కంపెనీల్లో చేరిన ప్రతి కెమిస్టూ శిక్షణలో ఈ సంగతి వింటాడు. 'కాదు' అన్న జవాబును ఒప్పుకోకపోవడం అమ్మేవాడికి సుగుణం, పరీక్షించేవాడికి నేరం. మా దగ్గర హెచ్‌ఆర్ వాళ్లు ఒకసారి నెలవారీ సమావేశంలో ఓటమిని అంగీకరించవద్దని చెప్పే వీడియో వేస్తే, మా సెక్షన్ హెడ్ పక్కకు వంగి, 'ఇది ప్రొడక్షన్ వాళ్లకు చూపించకండి, రేపు ఫెయిలైన బ్యాచ్ పట్టుకుని నా గది ముందు నిలబడతారు' అన్నారు.

ఇదొక్క ల్యాబు సంగతి అనుకోవద్దు. ఆడిటరు, లోకో పైలట్, మత్తుమందు ఇచ్చే డాక్టరు, వంతెన లెక్కలు చూసే ఇంజనీరు, వీళ్లందరి పనిలోనూ అనుమానమే జీతం ఇచ్చే గుణం. వీళ్లకోసం ఉదయాన్నే వినే ప్రసంగాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. చేసినా అమ్ముడుపోదు.

మరి ఈ రికార్డింగులు విని జీవితం మారిపోయిందని చెప్పే ప్రసిద్ధుల మాటేమిటి? వాళ్లు ఏ వృత్తిలో స్థిరపడ్డారో చూడండి. కెనడాలో హైస్కూలు చదువు మానేసి, టొరంటో ప్రాంతంలో అగ్నిమాపక ఉద్యోగం చేసిన బాబ్ ప్రాక్టర్, 1960లలో ఆఫీసులు శుభ్రం చేసే వ్యాపారం పెట్టి పైకొచ్చారు, నైటింగేల్ రికార్డును పదేపదే విన్నారు. విని చివరికి చేరిందెక్కడ? ఆ రికార్డులు తయారుచేయడానికి నైటింగేల్, లాయిడ్ కోనంట్ కలిసి 1960లో షికాగోలో పెట్టిన నైటింగేల్-కోనంట్ సంస్థలోనే. అక్కడి నుంచి బయటికొచ్చి సొంతంగా సెమినార్లు నడిపి, 2022లో చనిపోయేదాకా అదే మాటను అమ్మారు. మరో వరసలో, జిమ్ రోన్ డైరెక్ట్ సెల్లింగ్‌లో ఎదిగి వక్త అయ్యారు. పదిహేడేళ్ల వయసులో రోన్ సెమినార్లకు ప్రచారం చేసిన కుర్రవాడు టోనీ రాబిన్స్ 1980ల చివర టీవీ ప్రకటనల ద్వారా తన క్యాసెట్లు అమ్మి పేరు పొందారు. ఈ రికార్డింగులు అత్యంత స్పష్టంగా మలిచిన ఉద్యోగ జీవితాలు ఇలాంటి రికార్డింగులు చేసేవాళ్లవే. అందులో మోసం ఉందని నేను అనడం లేదు. అమ్మకం విద్యను మప్పే ప్రసంగం విని బాగా అమ్మడం నేర్చినవాడు, తన చేతిలో ఉన్న అన్నిటికంటే మంచి సరుకు ఆ ప్రసంగమేనని గుర్తించడం సహజమే.

విన్నవాళ్లలో తక్కినవాళ్ల సంగతి ఎవరో చెబితే తప్ప తెలియదు, వాళ్లు చెప్పేది కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. 1991లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, సహచరులు ఒక చిలిపి ప్రయోగం ప్రచురించారు. జ్ఞాపకశక్తి పెంచుతాయని, ఆత్మగౌరవం పెంచుతాయని బజారులో అమ్మే రెండు రకాల టేపులను తీసుకుని, కొందరికి చీటీలు మార్చి ఇచ్చారు. నెల తర్వాత చూస్తే రెండు రకాలూ తాము చెప్పుకున్న పని చేయలేదు, కానీ మూడోవంతుకు పైగా మంది చీటీ మీద ఏముందో అది తమలో మెరుగుపడిందని నమ్మారు. అవి చెవికి అందని సూచనలున్న టేపులు, నైటింగేల్ ప్రసంగం వంటివి కావు, కనుక దీన్ని ఎక్కువగా సాగదీయకూడదు. మేలు కలిగినట్టు అనిపించడం వేరు, కలగడం వేరు అన్నంతవరకే నాకు ఇది కావాలి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు దగ్గరి సంగతి మరొకటుంది. మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు గాబ్రియేలె ఎట్టింగెన్, డోరిస్ మేయర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చదువు పూర్తిచేసి ఉద్యోగంలోకి దిగబోతున్న జర్మన్ విద్యార్థుల్లో, మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, రెండేళ్ల తర్వాత వాళ్ల జీతాలూ తక్కువగానే ఉన్నాయి. తమ అర్హతను బట్టి వస్తుందని అంచనా వేసుకున్నవాళ్లు బాగా చేశారు. కార్డు మీద రాసుకుని రోజూ చూసుకోవడం ఈ రెండింటిలో దేనివైపు మొగ్గుతుందన్నది ఆ కార్డు చూశాక మనిషి గుమ్మం ఎక్కుతాడా, కుర్చీలోనే ఉంటాడా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏజెంటుకు కుర్చీలో కూర్చునే వీలు లేదు. కుర్చీలో కూర్చోవడమే పని అయినవాళ్లు వేరే ఉన్నారు.

వాళ్లను చూడాలంటే హైదరాబాదు అశోక్‌నగర్ వెళ్లాలి. చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కల హాస్టళ్లలో, స్టడీ హాళ్లలో గ్రూప్స్‌కి చదివే పిల్లల ఫోన్లలో మోగేది నైటింగేల్ మాటకు మునిమనవడి మాటే: నువ్వు నమ్మితే నీదే. 2022లో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్‌లో 503 పోస్టులు ఉంటే, సుమారు 3.80 లక్షల మంది దరఖాస్తు చేశారు, అంటే ఒక్కో పోస్టుకు 750 మందికి పైగా. ఇక్కడ గుమ్మాలు లెక్కపెట్టి ఉన్నాయి. అందరూ అంతే గట్టిగా నమ్మినా అవి 504 కావు. ఆ ఏడాది అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టినదాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఉపసంహరించి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఈ రెండేళ్లలో ఒక అభ్యర్థికి జరిగినదాంట్లో అతని ఆలోచనా విధానం పాత్ర ఎంత? అయినా ఆ ప్రసంగం అతనికి చెప్పేది నీ ఫలితానికి నీ మనసే కారణమని. పెదనాన్నకు ఆ మాట ధైర్యమిచ్చింది, ఎందుకంటే ఆయన మర్నాడే మరో ఇంటికి వెళ్లి దాన్ని సరిచూసుకోగలరు. ఈ పిల్లలకు అదే మాట లీకైన పేపరు బరువును కూడా వాళ్ల నెత్తిమీదే పెడుతుంది.

నల్లగొండ నుంచి వచ్చి అక్కడ చదువుతున్న మా ఆవిడ వాళ్ల అక్క కొడుకు, ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తాడు. 'వినకపోతే పొద్దున్నే లేవలేను బాబాయ్' అంటాడు. లేవడానికైతే విను అంటాను. అతనితో ఆ వక్తల మీద వాదన పెట్టుకోను. పొద్దున్నే లేవడం కూడా తక్కువ విషయం కాదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. నైటింగేల్ ముప్పై రోజుల పరీక్షలో తప్పితే మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు ఉంది, ఆపే ఏర్పాటు లేదు. బీమా ఏజెంటుకు ఆ లోటు తెలియదు. ఏడాదికి ఉండవలసిన కనీస వ్యాపారం లేకపోతే ఎల్‌ఐసీ ఏజెన్సీ రద్దవుతుంది, డెవలప్‌మెంట్ ఆఫీసరే పిలిచి, 'మీకు ఇది సరిపడలేదండీ, ఇంకేమైనా చూసుకోండి' అని చెప్పేస్తాడు. క్యాసెట్టు ఇచ్చిన చేయీ, చాలు అన్న నోరూ ఒక్క మనిషివే. ఇవాళ ప్రసంగాన్ని మా పిల్లవాడి చేతికి ఇస్తున్నది యూట్యూబు. అతను ఏం చదువుతున్నాడో, ఎన్నోసారి రాస్తున్నాడో దానికి పట్టింపు లేదు. చాలు అని చెప్పగలిగింది ప్రభుత్వం పెట్టిన వయోపరిమితి ఒక్కటే, దాన్ని కూడా 2024 ఫిబ్రవరిలో 44 నుంచి 46 ఏళ్లకు పెంచారు. అతనికిప్పుడు ఇరవై తొమ్మిది. ఆ లెక్కన ఇంకా పదిహేడేళ్లు రాయవచ్చు, అతని ఫోన్‌లో అన్నేళ్లకూ సరిపడా ప్రసంగాలున్నాయి.